పళ్ళ క్లిప్పుల మీద వేసే రబ్బరు చైన్: పన్ను ఎలా కదులుతుంది, నెలనెలా ఎందుకు మార్చాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పాపకి పదహారేళ్ళు. ఎత్తుపళ్ళకని పైనా కిందా కలిపి నాలుగు పళ్ళు తీయించి క్లిప్పులు వేయించారు, తొమ్మిది నెలలైంది. రెండు నెలల కిందట అమలాపురంలో డాక్టరుగారు పళ్ళ మీదుగా గొలుసులాంటి రబ్బరు వేశారు, ఇప్పటికి ఒకసారి మార్చారు, నాలుగు వారాలకోసారి మారుస్తూ ఉండాలన్నారు. మీరుండేది పి.గన్నవరం అవతల లంకలో. జులై వస్తే కాజ్‌వే మునుగుతుంది, ఊరు దాటాలంటే పడవే. అందుకని కాస్త గట్టిగా వేయించుకుని రెండు నెలలకోసారి వెళ్తే సరిపోదా అని మీ ప్రశ్న. తెల్ల రబ్బరు రెండు రోజులకే పచ్చబడిందనీ, వెనక బుగ్గలో తీగ గుచ్చుకుంటోందనీ కూడా రాశారు.

సరిపోదండి. గట్టిగా వేస్తే పన్ను త్వరగా రాదు, ఆలస్యమవుతుంది. పైగా కదలకూడని పళ్ళు కదులుతాయి. వరద నెలలకి వేరే దారి ఉంది, అది చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు ఈ చైన్ ఏం చేస్తుందో తెలియాలి.

పళ్ళు తీసిన చోట మిగిలిన గ్యాప్‌ని, ముందుపళ్ళను వెనక్కి లాగి మూయడం దీని పని. దీన్ని పవర్ చైన్ అంటారు, కొందరు ఈ-చైన్ అంటారు. పాలీయూరెథేన్‌తో చేసిన సాగే పదార్థం. చెట్టు పాల నుంచి వచ్చే లేటెక్స్ కాదు. చిన్న చిన్న ఉంగరాలు ఒకదానికొకటి అతికినట్టు చుట్టగా వస్తుంది, కావలసినంత కత్తిరించుకుంటారు. ఉంగరానికీ ఉంగరానికీ మధ్య అసలు ఎడం లేనిది, కొంచెం ఎడం ఉన్నది, ఇంకా ఎక్కువ ఎడం ఉన్నది అని మూడు రకాలు. ఒక ఉంగరం మధ్య నుంచి పక్క ఉంగరం మధ్యకి దూరం సుమారు 3 మి.మీ. నుంచి 4 మి.మీ. దాకా ఉంటుంది. కింది ముందుపళ్ళు సన్నగా దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి ఎడం లేనిది, వెడల్పు పళ్ళకి ఎడం ఉన్నది వాడతారు. తప్పు రకం తీసుకుంటే ఒక పన్ను దగ్గర వదులుగానూ పక్క పన్ను దగ్గర బిర్రుగానూ కూర్చుంటుంది.

ఇంకో రెండు రబ్బర్లతో దీన్ని కలిపేసుకోకండి. ఒక్కో బ్రాకెట్ (పంటి మీద అతికించే, తీగ కూర్చునే గాడి ఉన్న చిన్న ముక్క) చుట్టూ విడివిడిగా ఉండే చిన్న రంగు ఉంగరం తీగను గాడిలో పట్టి ఉంచడానికే, అది పన్నును లాగదు. పై పంటి కొక్కేనికీ కింది పంటి కొక్కేనికీ తగిలించి, రోజూ పిల్లలే తీసి మార్చుకునే ఎలాస్టిక్‌లు వేరు. అవి ఎక్కువగా లేటెక్స్‌వే. చైన్ మాత్రం డాక్టరు వేయాలి, డాక్టరే తీయాలి.

వేసేటప్పుడు దగ్గరగా చూస్తే పని ఇలా ఉంటుంది. పాత చైన్ తీసి, తీగను తుడిచి, మొదట వెనక దవడపంటి మీది ట్యూబు (తీగ కొస దూరే చిన్న గొట్టం) పక్కనున్న కొక్కేనికి చివరి ఉంగరం తగిలిస్తారు. సన్నమూతి పట్టుకారుతో రెండో కొస పట్టుకుని ముందుకు సాగదీస్తూ, ఒక్కో బ్రాకెట్‌కి నాలుగు మూలలా ఉన్న రెక్కల కింద ఒక్కో ఉంగరాన్ని దింపుతూ వస్తారు. కావలసిన బలం ఒక ఉంగరం తగ్గించడం, పెంచడంలోనే ఉంటుంది. ఎన్ని లెక్కకి వస్తాయో అన్నీ తీసుకుంటే చైన్ ఊరికే కూర్చుంటుంది. ఒకటి తగ్గిస్తే లాగుతుంది. రెండు మూడు తగ్గిస్తే అసలు పొడవుకి రెట్టింపు దాటి సాగుతుంది. అక్కడితో రబ్బరు స్వభావమే చెడి, మళ్ళీ వెనక్కి రాని సాగుడు పట్టుకుంటుంది. కొందరు డాక్టర్లు వేసేముందు చైన్‌ని చేత్తో ఒకసారి సాగదీసి వదలడం మీరు చూసే ఉంటారు. మొదటి రోజు పడిపోయే బలంలో కొంత ముందే వదిలించడానికి అలా చేస్తారు.

ఇక పన్ను ఎందుకు కదులుతుంది? వేరు నేరుగా ఎముకకి అతుక్కుని ఉండదు. మధ్యలో సుమారు పావు మిల్లీమీటరు మందాన నారపోగుల పొర ఉంటుంది, రక్తనాళాలన్నీ అందులోనే. చైన్ లాగిన వైపు ఆ పొర నలుగుతుంది, అక్కడ ఎముకని తినే కణాలు పుడతాయి. వెనక వైపు పోగులు సాగుతాయి, అక్కడ ఎముకని కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. ముందు తవ్వుకుంటూ, వెనక పూడ్చుకుంటూ పన్ను జరుగుతుంది. ఆ తవ్వకానికి ఓ వేగం ఉంది: నెలకి సగటున ఒక మిల్లీమీటరు, కొందరిలో అర మిల్లీమీటరే. చైన్ చేయగలిగింది ఆ పని ఆగకుండా చూడటమే, ఎముకని తొందరపెట్టలేదు.

దీనికి కావలసిన బలం మీరు అనుకున్నంత ఉండదు. ఒక్క కోరపన్నును వెనక్కి జరపడానికి 100 నుంచి 200 గ్రాములు. ముందు ఆరు పళ్ళను కలిపి లాగుతుంటే ఒక్కో వైపు 150 నుంచి 250 గ్రాములు. అంటే ఒక మామిడికాయ బరువంత. దీన్ని కొలవడానికి చిన్న స్ప్రింగు గేజ్ ఉంటుంది. దీనికి మించి లాగితే నలిగిన వైపు పొరలో రక్తం ఆగిపోతుంది, కణాలు చచ్చిపోయి ఆ చోటు గాజులా తయారవుతుంది. ఎముకని తినాల్సిన కణాలు అక్కడ పుట్టలేక, పక్క ఎముకలోంచి వెనకగా తొలుచుకుంటూ రావాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంతవరకూ పన్ను కదలదు. నొప్పి మాత్రం రెట్టింపు. ఎక్కువకాలం అలా సాగితే వేరు కొస కూడా అరిగి పొట్టిదవుతుంది. కాబట్టి 'గట్టిగా వేయండి డాక్టరుగారూ' అని ఎప్పుడూ అడక్కండి.

ఇప్పుడు రెండు నెలల సంగతి. ఈ రబ్బరుకున్న పెద్ద లోపం, నోట్లో పడిన దగ్గర్నుంచీ బలం కోల్పోవడం. లాలాజలం పీల్చుకుంటుంది, నోటి వేడికి మెత్తబడుతుంది, సాగి సాగి అలాగే ఉండిపోతుంది. మొదటి 24 గంటల్లోనే మొదటి బలంలో సగానికి పైగా పోతుంది. నాలుగు వారాలకి మిగిలేది మూడోవంతు, మహా అయితే నలభై శాతం. అందుకే డాక్టరు మొదట కాస్త ఎక్కువగా, 300 గ్రాముల దగ్గర మొదలుపెడతారు. మర్నాటికి అది కావలసిన స్థాయికి దిగుతుంది, నాలుగు వారాల దాకా ఎలాగోలా పనికొస్తుంది. ఆపైన చైన్ పళ్ళ మీద ఉంటుంది తప్ప లాగేదేమీ ఉండదు. ఒకసారి ఆరు వారాలైతే కొంపలు మునగవు. ప్రతిసారీ ఎనిమిది వారాలైతే, ప్రతి రెండు నెలల్లో దాదాపు ఒక నెల ఊరికే పోయినట్టే. తీసిన పన్ను వెడల్పు సుమారు 7 మి.మీ. అందులో కొంత మొదట్లో వంకర పళ్ళు సర్దుకోవడానికే ఖర్చయి ఉంటుంది. మిగిలింది నాలుగైదు మి.మీ. అనుకుంటే, క్రమంగా వెళ్తే ఐదారు నెలల పని. లేకపోతే ఏడాది దాకా పట్టొచ్చు.

చైన్ ఒక్కటే చూసి మురిసిపోకూడదు, సగం పని దాని కింద ఉన్న తీగది. చైన్ పట్టుకునేది పన్ను తలను. వేరు మాత్రం ఎముక లోపల ఉంది. గోదారి ఒండులో పాతిన వెదురు గెడను పై కొస పట్టి లాగండి, గెడ జరగదు, ఒరుగుతుంది. పన్నూ అంతే. అలా ఒరగకుండా నిలబెట్టేది గట్టి స్టీలు తీగ. మొదటి నెలల్లో వేసే సన్నటి మెత్తటి తీగల మీద చైన్ వేసి లాగితే గ్యాప్ మూసుకున్నట్టే కనిపిస్తుంది. కానీ కోరపన్ను వెనక్కి ఒరిగి, చుట్టు తిరిగి, ముందుపళ్ళు లోపలికి వాలి, పైపళ్ళు కిందపళ్ళను పూర్తిగా కప్పేస్తాయి. దాన్ని సరిచేయడానికి మళ్ళీ మొదటికి రావాలి. అందుకే మీ పాపకి తొమ్మిది నెలల్లో తొలి ఏడు నెలలు చైన్ వేయలేదు. అది జాప్యం కాదు, సరైన పద్ధతి. 0.022 అంగుళాల గాడి ఉన్న బ్రాకెట్‌లలో సాధారణంగా 0.019 × 0.025 అంగుళాల దీర్ఘచతురస్రపు స్టీలు తీగ దాకా వచ్చి, అది గాడుల్లో ఒక నెల స్థిరపడ్డాక లాగుడు మొదలుపెడతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఏ తీగ మీద ఉన్నారో అడగండి. చెప్పడానికి ఏ డాక్టరూ ఇబ్బంది పడరు.

రెండోది లంగరు. గట్టు మీద కొబ్బరిచెట్టుకి తాడు కట్టి లాగితే పడవ ఒడ్డుకొస్తుంది. ఇంకో పడవకి కట్టి లాగితే రెండూ కదిలి నడిమధ్యన కలుస్తాయి. పళ్ళలో కొబ్బరిచెట్టు లేదు. వెనక దవడపన్ను పెద్దదే గానీ అదీ పడవే. ముందుపళ్ళను ఎంత వెనక్కి లాగుతారో, దవడపన్ను అందులో కొంత ముందుకొస్తుంది. గ్యాప్ మూసుకుంటుంది గానీ ఎత్తుపళ్ళు అనుకున్నంత లోపలికి పోవు. అలా కాకుండా రెండో దవడపన్నును కూడా కలిపి కట్టడం, అంగిట్లో అడ్డంగా తీగ బిగించడం, లేదా ఎముకలోకి 6 నుంచి 10 మి.మీ. పొడవున్న సన్నటి స్క్రూ దింపి దానికి చైన్ తగిలించడం చేస్తారు. ఆ స్క్రూయే నిజమైన కొబ్బరిచెట్టు. చిన్న మత్తు ఇంజక్షన్‌తో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అవసరమని డాక్టరు చెప్తే భయపడి వద్దనకండి. చైన్ మరీ గట్టిగా వేస్తే ముందు చెడేది కూడా ఈ లంగరే.

క్రమంగా వెళ్తున్నా రెండు మూడు నెలల పాటు గ్యాప్ ఒకే చోట ఆగిపోతే కారణం వెతకాలి. చాలాసార్లు తీగ ఎక్కడో వంగి ఉంటుంది, గట్టివి కొరకడం వల్ల. వంగిన తీగ బ్రాకెట్ గాడిలో జారదు. వెనక ట్యూబులో పాచి, గార పేరుకున్నా జారదు. ఒక్కోసారి పళ్ళు మూసినప్పుడు ఎదుటి దవడ పన్ను తగిలి అడ్డు నిలుస్తుంది. పన్ను తీసిన చోట ఎముక సన్నబడి లోపలికి నొక్కుకుపోవడం, పీకిన పన్ను వేరుముక్క లోపలే ఉండిపోవడం, అరుదుగా పన్ను ఎముకకే అతుక్కుపోవడం కూడా ఉంటాయి, వాటికి ఎక్స్‌రే కావాలి. గ్యాప్ తగ్గుతున్నకొద్దీ మధ్యలో చిగురు మడతపడి ఉబ్బెత్తుగా వస్తుంది, అది చాలామందిలో ఉండేదే, శుభ్రంగా ఉంచితే సర్దుకుంటుంది. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే వెలుతురులో రెండు పక్కలా ఫోటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు, ఫోటోల్లో తెలుస్తుంది.

మీ రెండు చిన్న ప్రశ్నలకి వస్తాను. తీగ గుచ్చుకుంటోందంటే ఒక రకంగా మంచి వార్తే. ముందుపళ్ళు వెనక్కి వచ్చినంత మేర తీగ ట్యూబు వెనక నుంచి బయటికి జారుతుంది. పని జరుగుతోందన్నమాట. ఆ కొస తుడిచి, క్లిప్పులకని డాక్టరు దగ్గర దొరికే మైనం శనగగింజంత తీసి ఉండ చేసి అద్దండి, మర్నాడే వెళ్తే డాక్టరు కత్తిరిస్తారు. గోళ్ళ కత్తెరతో ఇంట్లో తెంపబోకండి, తెగిన ముక్క గొంతులోకి పోతుంది.

పచ్చబడటం పసుపు వల్ల. చేపల పులుసూ, ఆవకాయా తినే ఇంట్లో తెల్లటి, పారదర్శకమైన చైన్ రెండు పూటలు కూడా నిలవదు. రంగు మారినంత మాత్రాన బలం పోయినట్టు కాదు, పళ్ళకీ ఏమీ కాదు. వంటసోడా, నిమ్మకాయ పెట్టి రుద్దకండి. ఈసారి బూడిద రంగుదో, వెండి రంగుదో అడగండి, సరిపోతుంది.

మార్చిన రోజు నాలుగైదు గంటలకి నొప్పి మొదలై, మర్నాటికి బాగా పెరిగి, మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గిపోతుంది. పారాసిటమాల్ 500 మి.గ్రా. బిళ్ళ అవసరమైతే ఆరు గంటల ఎడంతో వేయొచ్చు. ఐబుప్రొఫెన్ లాంటివి పన్ను కదలడానికి కావలసిన వాపు రసాయనాలనే అణచుతాయి కాబట్టి వాటిని రోజుల తరబడి వాడకపోవడం మంచిది. ఆ రెండు రోజులూ పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, పప్పుచారు, వేసవైతే లేత తాటిముంజలు. తిండి విషయంలో మన ప్రాంతంలో ఎక్కువ బ్రాకెట్లు ఊడేది చెరకుముక్కల వల్లా, జంతికలు చేగోడీల వల్లా, పీతకాళ్ళు పళ్ళతో పగలగొట్టడం వల్లా. తేగలు ఇంకో రకం తంటా. పీచు చైన్ ఉంగరాల కింద దూరి, లాగినప్పుడు ఉంగరాన్నే రెక్క మీంచి లేపేస్తుంది. మామిడితాండ్ర, జీళ్ళు అతుక్కుని లాగుతాయి. పూతరేకులు తినొచ్చు, తిన్నాక నీళ్ళతో గట్టిగా పుక్కిలించాలి.

చైన్ ఉన్నప్పుడు బ్రష్ చేయడం మామూలుకన్నా కష్టం, ఎందుకంటే బ్రాకెట్ల మధ్య ఖాళీని చైన్ కప్పేస్తుంది. మామూలు బ్రష్ అయ్యాక, సీసాలు కడిగే బ్రష్షులా ఉండే చిన్న కొసబ్రష్షుని చైన్ కిందనుంచి పైకి, పైనుంచి కిందకి దూర్చి తీయాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి. ఇది వదిలేస్తే క్లిప్పులు తీసిన రోజు పళ్ళు వరసగా ఉంటాయి, కానీ బ్రాకెట్ చుట్టూ సున్నం మచ్చల్లా తెల్లగా మిగులుతాయి. అవి పూర్తిగా పోవడం కష్టం.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఇది మీ పాపకే కాదు, ఇది చదివేవాళ్ళందరికీ. చైన్ చూసి, రబ్బరే కదా అని, ముందు రెండు పళ్ళ మధ్య సందు మూయడానికి కొందరు పిల్లలు మామూలు రబ్బరుబ్యాండు పళ్ళకి చుట్టేసుకుంటున్నారు. పన్ను వేరు వైపుకి సన్నబడే మొక్కజొన్న పొత్తులాంటిది. బ్రాకెట్ పట్టు లేని బ్యాండు నెమ్మదిగా జారి చిగురు కిందకి పోతుంది, అక్కణ్ణుంచి వేరు వెంట ఎక్కుతూ ఎముకని కోసుకుంటూ పోతుంది. పైకి కనిపించదు. చిగురు వాచి, పళ్ళు కదిలి, చూపించేసరికి బాగున్న రెండు ముందుపళ్ళూ తీసేయాల్సి వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఎవరైనా పిల్లలు పెట్టుకున్న బ్యాండు కనిపించకుండా పోయిందంటే ఊడిపడిందనుకోకండి, వెంటనే చూపించండి.

గ్యాప్ పూర్తిగా మూసుకున్నాక కూడా ఒకటి రెండు నెలలు చైనో, స్టీలు కట్టో అలాగే ఉంచుతారు. పన్ను తీసిన చోట చిగురుకి తిరిగి తెరుచుకునే గుణం ఉంది. ఆ నెలలు దండగ అనుకుని క్లిప్పులు తీసేయమని తొందరపెట్టకండి.

ఇక వరద నెలలు. జులై మొదటి వారం లోపే ఒక విజిట్ పెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక ఎగరేసేసరికే లంక దారులు చాలావరకు నీళ్ళలో ఉంటాయి, అప్పుడు బయల్దేరడం కుదరదు. ఆ విజిట్‌లో డాక్టరుని, చైన్ బదులు నికెల్ టైటానియం స్ప్రింగు వేయడం వీలవుతుందా అని అడగండి. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య తగిలించే చిన్న చుట్టతీగ అది. ఖరీదు ఎక్కువ, లోపల తిండి ఇరుక్కుంటుంది, నికెల్ పడనివాళ్ళకి పనికిరాదు. కానీ దాని లాగుడు వారాల తరబడి దాదాపు ఒకేలా ఉంటుంది. మామూలు రోజుల్లో చైన్‌కీ దానికీ వేగంలో పెద్ద తేడా లేదు. రెండు నెలలు రాలేనివాళ్ళకే అది అక్కరకొస్తుంది. వీలుకాదంటే, నాలుగు వారాలు దాటినా పళ్ళు ఒరగకుండా గట్టి తీగ మీదే ఉన్నామా అన్నది ఖాయం చేసుకుని ఆగండి. పాపని తీసుకుని వరదలో పడవెక్కేంత అత్యవసరం చైన్ మార్చడంలో లేదు.

ఇంట్లో మైనం, కొసబ్రష్షు, పారాసిటమాల్ ఉంచుకోండి, డాక్టరుగారి వాట్సాప్ నంబరు తీసుకోండి. చైన్‌లో ఒక ఉంగరం ఊడినా, మధ్యలో తెగినా ఫోటో పంపండి. వేలాడే కొస బుగ్గకి తగలకపోతే దాన్ని ముట్టుకోకుండా నీళ్ళు తగ్గేదాకా ఆగొచ్చు. ఇంట్లో పట్టుకారుతో మళ్ళీ ఎక్కించబోతే బ్రాకెట్ కూడా వస్తుంది. బ్రాకెట్టే ఊడి తీగ మీద అటూఇటూ తిరుగుతుంటే ఆ పన్ను అదుపు తప్పుతుంది, అది నీళ్ళు తగ్గిన వెంటనే వెళ్ళాల్సిన సంగతి. పూర్తిగా ఊడి చేతికొస్తే పారేయకండి, చిన్న డబ్బాలో వేసి వెంట తీసుకెళ్ళండి. పాడవకపోతే శుభ్రం చేసి దాన్నే మళ్ళీ అతికించవచ్చు.